దీమపు పిట్ట, అమాత్యుని ఖడ్గం

అశోకారామంలో భిక్షువుల శిరస్సులు తెగిపడిన ఉదంతం మహావంశం అయిదవ పరిచ్ఛేదంలోనూ, బుద్ధఘోషుని పేర ప్రసిద్ధమైన వినయ అట్ఠకథ సమంతపాసాదికలోనూ ఉన్నది. దీనిని తృతీయ సంగీతికి పూర్వరంగంగా మాత్రమే చదవడం పరిపాటి అయింది. కథావత్థు రచన, ధర్మదూతల ప్రస్థానం వంటి పెద్ద విషయాలు వెంటనే రావడంతో పాఠకుని దృష్టి అటు మళ్ళిపోతుంది. అయితే ఈ కథ నడుమ ఒక ఆజ్ఞ ఉన్నది. ఆజ్ఞ ఇచ్చినవాడు, అమలు చేసినవాడు, తలవంచనివారు ఉన్నారు. గ్రంథకర్తలు వీరిలో ఒక్కని దోషాన్ని గురించే తీరికగా విచారించారు. అతడు రాజు.

లాభసత్కారాలకు ఆశపడి తీర్థికులు కాషాయం ధరించి సంఘంలో చేరారు. వారితో కలిసి ఉపోసథం జరపడానికి శీలవంతులైన భిక్షువులు అంగీకరించలేదు. ఏడేళ్ళపాటు ఉపోసథం ఆగిపోయింది. మొగ్గలిపుత్త తిస్స స్థవిరుడు అహోగంగ పర్వతానికి వెళ్ళిపోయాడు. వివాదాన్ని ఉపశమింపజేసి ఉపోసథం జరిపించమని అశోకుడు ఒక అమాత్యుణ్ణి పంపాడు. ఆ ఆజ్ఞలో చంపమన్న మాట లేదు. మహావంశం ఇక్కడ ఆ అమాత్యుణ్ణి మూఢుడని తేల్చి ముందుకు సాగిపోతుంది. సమంతపాసాదిక మాత్రం ఒక్క క్షణం ఆగుతుంది. రాజును తిరిగి అడిగే ధైర్యం చాలక అతడు తోటి అమాత్యులను సంప్రదించాడట. సరిహద్దులను శాంతింపజేసేవారు దొంగలను చంపినట్లే, ఉపోసథం చేయనివారిని చంపించడం రాజు అభిమతమై ఉంటుందని వారు ఊహించి చెప్పారట.

ఈ చిన్న వివరం మహావంశకారుని తీర్పు కంటె ఎంతో విలువైనది. ఉపశమనం అనే మాటకు సేనాపతుల వ్యవహారంలో ఉన్న అర్థం విహారంలోకి చొరబడింది. అమాత్యుడు మూఢుడు కాడు, భీతుడు. పైవాణ్ణి అడగడానికి భయం, పక్కవాణ్ణి అడిగితే ఊహ, ఆ ఊహకు రాజాజ్ఞ అన్న పేరు: అధర్మాజ్ఞలలో కొన్ని ఇలా ఎవరూ ఇవ్వకుండానే పుడతాయి.

ఇక తిరస్కరించినవారి సంగతి. తీర్థికులతో కలిసి ఉపోసథం చేయబోమని భిక్షువులు ఒక్క మాటలో చెప్పారు. వారు ఆయుధం పట్టలేదు, పారిపోలేదు, రాజును నిందించలేదు. అమాత్యుడు స్థవిరుల ఆసనం మొదలుకొని వరుసగా తలలు నరకసాగాడు. అప్పుడు రాజు తమ్ముడైన తిస్స భిక్షువు వచ్చి ఖడ్గానికి దగ్గరగా ఉన్న ఆసనంలో కూర్చున్నాడు. అమాత్యుడు అతణ్ణి గుర్తించి ఆగి, తిరిగి వెళ్ళి రాజుకు విన్నవించాడు. మొదటే చేయవలసిన పనిని అతడు చివరకు చేశాడు. తిస్సుని చర్య ధీరమైనదే. కాని ఖడ్గాన్ని ఆపినది అతని శీలం కాదు, రాజరక్తం. అదే శీలంతో అంతకు ముందు కూర్చున్న స్థవిరులు బ్రతకలేదు.

వార్త విన్న అశోకుడు ఈ పాపం ఎవరిదని భిక్షువులను అడిగాడు. కొందరు రాజుదేనన్నారు, కొందరు ఇద్దరిదీ అన్నారు, మరికొందరు చంపించే సంకల్పం లేనప్పుడు దోషం అమాత్యునిదే అన్నారు. సందేహం తీరక మొగ్గలిపుత్త తిస్సుని రప్పించగా, ఆయన తిత్తిర జాతకం చెప్పి, చేతన లేనిచోట కర్మ లేదని రాజును ఊరడించాడు. అభిధర్మపరంగా ఈ సమాధానంలో లోపం లేదు. ఉపమానం మాత్రం పరీక్షకు నిలవదు. జాతకంలోని కౌజుపిట్ట వేటగాని దీమం. తన కూతకు తనవారు వచ్చి చస్తున్నారని గ్రహించి అది మౌనం వహిస్తుంది. వేటగాడు వెదురుబద్దతో తలమీద కొట్టినప్పుడు బాధతో అరుస్తుంది. అంటే ఆ పిట్ట మొదట నిరాకరించినది, పంజరంలో ఉన్నది, దెబ్బ తిన్నది. పాటలీపుత్ర సింహాసనం మీద ఉన్నవాడు ఈ మూడింటిలో ఏదీ కాడు. రాజును దీమపు పిట్టతో పోల్చడంలో అధికారం తలక్రిందులైంది. ఆ పోలిక సగమైనా పొసగేది అమాత్యునికే, అతడు ఒక్కసారైనా మౌనం వహించి ఉంటే!

విచిత్రమేమంటే వినయపిటకం ఇంతకంటె కఠినంగా ఆలోచించింది. మూడవ పారాజికంలో ఒకరినుంచి ఒకరికి చేరే ఆజ్ఞల విచారణ ఉన్నది. ఆజ్ఞాపించినవాడు పశ్చాత్తాపపడి చంపవద్దని చెప్పినా, నీవే ఆజ్ఞాపించావు గదా అని రెండవవాడు చంపితే మొదటివానికి ఆపత్తి లేదు, చంపినవానికి ఉన్నది. ఆజ్ఞను పాటించానన్న కారణం అక్కడ హంతకుణ్ణి విడిపించదు. అలాగే బింబిసారుడు వర్షావాసం వాయిదా కోరినప్పుడు రాజులను అనుసరించవచ్చునని బుద్ధుడు అనుజ్ఞ ఇచ్చాడు. దానిని వ్యాఖ్యానిస్తూ సమంతపాసాదిక, ఆ అనుసరణ ధార్మిక కార్యాలకే పరిమితమనీ, అధార్మిక విషయంలో ఎవరినీ అనుసరించరాదనీ తేల్చింది. అశోకారామ కథను చెప్పిన గ్రంథమే ఈ మాటా చెప్పింది. ఈ రెండింటినీ పక్కపక్కన పెట్టి బోధిస్తే నరకబడిన స్థవిరులు కేవలం ప్రమాద బాధితులుగా కాక వినయధరులుగా కనిపిస్తారు.

ఈ సంహారం ఊసు అశోకుని శాసనాలలో లేదు. అయినా కర్నూలు జిల్లా ఎర్రగుడి బండల మీద ఉన్న పదునాలుగు శాసనాలలో ఆరవది ఈ కథకు తగిన పరీక్షాశిల. దానం గురించి గాని, ప్రకటన గురించి గాని రాజు నోటిమాటగా ఇచ్చిన ఆజ్ఞ మీదనో, మహామాత్రులకు అప్పగించిన అత్యవసర కార్యం మీదనో పరిషత్తులో వివాదం గాని ‘నిఝతి’ గాని కలిగితే, అది తనకు ఎక్కడైనా, ఎప్పుడైనా తక్షణం నివేదింపబడాలని రాజు అందులో ఆదేశించాడు. నిఝతి అర్థం మీద పండితులకు ఏకాభిప్రాయం లేదు. పునరాలోచన అన్నవారూ ఉన్నారు. నాలుగవ స్తంభశాసనంలో మరణశిక్ష పడినవారికి మూడు రోజుల గడువిచ్చి, వారి బంధువులు రజ్జుకులకు నచ్చజెప్పుకొనవచ్చునన్న చోట వచ్చే క్రియ కూడా ఇదే ధాతువునుంచి పుట్టినది. ఆజ్ఞకూ అమలుకూ మధ్య ఆలోచనకు చోటుంచడం శాసనకర్త ఎరిగిన విషయమే. కథలోని అమాత్యులూ ఒక విధంగా పరిషత్తుగానే కూడారు. వారు చేయనిది నివేదన.

అయితే ఈ దారి పైకి మాత్రమే పోతుంది. పైవాడే అధర్మానికి దిగితే శిల మీద జవాబు లేదు. ఆ చోటును దివ్యావదానం తడుముతుంది. పూలచెట్లు, పండ్లచెట్లు నరికి ముళ్ళచెట్లు కాపాడమన్న అశోకుని మాటను అమాత్యులు మూడుసార్లు కాదన్నారు. అయిదువందలమంది తలలు పోయాయి. కునాలుని కథలో తిష్యరక్షిత కూటలేఖ తక్షశిలకు చేరినప్పుడు, కన్నులు పెరకమని పిలిపించిన చండాలురు చేతులు జోడించి, తమవల్ల కాదన్నారు. నగర ప్రముఖులకు లేని తెగువ కులక్రమంలో అట్టడుగున ఉన్నవారికి కలిగింది. అవదానకర్త దానిమీద నిలవడు. కునాలుడే తన కిరీటాన్ని కూలిగా చూపి ఆ పని చేయమంటాడు, చివరకు ఒక వికృతరూపుడు ఒప్పుకుంటాడు. రాజకుమారుని క్షాంతిని వెలిగించడానికి ఆ చండాలుర నిరాకరణను కథ ఖర్చుపెట్టేసింది. పరంపరాగత వ్యాఖ్యానం మెచ్చుకున్నంతగా ఈ ఘట్టాన్ని మెచ్చుకోవడం కష్టం.

పాళీ గ్రంథకర్తల లోపమూ ఇటువంటిదే. సంఘంనుంచి బహిష్కృతులైన తీర్థికులు అరవైవేలమంది అని మహావంశం లెక్క చెప్పింది. స్థవిరాసనం మొదలుకొని తిస్సుని ఆసనం దాకా కూర్చున్నవారి పేర్లు గాని, ఎందరన్నది గాని చెప్పలేదు.