హెచ్.ఐ.వి. మందుల తారతమ్యము

2019లో వెలువడిన ‘అడ్వాన్స్’ పరిశోధన, హెచ్.ఐ.వి. మందులను జొహానెస్‌బర్గులో 1053 మంది రోగులపై పోల్చి చూచినది. 48 వారములకు వైరస్ అణగినవారు డోల్యుటెగ్రవిర్ పుచ్చుకొన్న రెండు వర్గములలో నూటికి 84, 85. పాతదగు ఎఫవిరెంజ్ వర్గములో 79. క్రొత్త మందు పాతదానికి తీసిపోదని మాత్రమే పరిశోధకులు తేల్చిరి, మేలని చాటలేదు. ఈ నిగ్రహము మెచ్చదగినదే.

కాని మాత్ర మ్రింగువానికి వైరస్ లెక్క ఒక్కటే చాలునా? ఎఫవిరెంజ్ కొందరికి తలత్రిప్పు, పీడకలలు తెచ్చును. (నిద్ర చెడినవానికి ఆ 79 ఏమి ఊరట!) డోల్యుటెగ్రవిర్ వాడినవారు బరువెక్కిరి, దానికి తోడు టెనోఫోవిర్ అలాఫెనమైడ్ చేర్చిన వర్గమున, అందునను స్త్రీలలో, ఆ పెరుగుదల అత్యధికము. జీవితాంతము వాడవలసిన మందును 48 వారములకే తూచుట తొందరపాటు. 96 వారముల ఫలితములు 2020లో వెలువడునప్పటికి, స్త్రీలలో బరువు పెరుగుట ఆగనేలేదు.