మేడమీది గది

"పిల్ల బాగానే ఉంది. కుటుంబమూ మంచిదే. కానీ వాళ్ళ మేనత్తకి మతి స్థిమితం లేదట!"

ఈ ఒక్క "అట"తో తప్పిపోయిన సంబంధాలు మనందరికీ తెలుసు. ఆ "అట"కి జడిసే, నా పెళ్ళిచూపులనాడు మా అత్తని పెరటి గదిలో కూర్చోబెట్టి బయట గొళ్ళెం పెట్టారు. పెట్టింది మా నాన్న, ఆవిడకి స్వయానా అన్నయ్య. పకోడీల పళ్ళెం తీసుకెళ్ళింది నేను. "ఎవరొచ్చారే?" అనడిగింది. "ఎవరూ లేరత్తా" అన్నాను. నా పట్టుచీర వంక చూసింది. మరేమీ అడగలేదు.

అప్పటికే బి.ఏ.లో "జేన్ ఐర్" చదివి ఉన్నాను. 1847లో షార్లెట్ బ్రాంటీ రాసిన నవల. తీరా పెళ్ళి జరగబోయే వేళ, వరుడు రోచెస్టర్‌కి అదివరకే పెళ్ళయిందనీ, ఆ భార్య బెర్తా మతి చలించి మేడమీది గదిలో ఉందనీ బయటపడుతుంది. పెళ్ళి ఆగిపోయిన జేన్ కోసం వెక్కివెక్కి ఏడ్చాను. మేడమీది ఆవిడ సంగతి నాకు పట్టనేలేదు.

ఈమధ్య మళ్ళీ చదివితే కళ్ళు వేరేచోట ఆగాయి. బెర్తాని చూడటానికి ఆమె సోదరుడు మేసన్ వస్తాడు. ఆమె కత్తితో పొడుస్తుంది, కొరుకుతుంది. కట్లు కట్టించుకుని వెళ్ళిపోతూ కూడా, ఆమెని మెత్తగా చూసుకోమని చెప్పబోయి, మాట పూర్తికాకుండానే ఏడ్చేస్తాడు. బ్రాంటీ ఆ కన్నీళ్ళ దగ్గర ఆగదు. తల్లి పిచ్చిని దాచి పిల్లని అంటగట్టిన మోసగాళ్ళుగానే ఆ కుటుంబం మనకి గుర్తుంటుంది. దాచడం తప్పే, కాదనను. కానీ చెబితే ఏమవుతుందో తెలిసినవాళ్ళే కదండీ దాచేది!

బెర్తా విషయంలో జాలికంటే భయానకమే ఎక్కువైందని బ్రాంటీయే 1848లో ఒక ఉత్తరంలో ఒప్పుకుంది. దాన్ని దిద్దే నవల మాత్రం 1966లో గాని రాలేదు. అదే జీన్ రీస్ రాసిన "వైడ్ సర్గాసో సీ". ఇందులో కథానాయిక బెర్తాయే, అసలు పేరు ఆంటోనెట్. ఇల్లు తగలబడి, చిన్నకొడుకు పోయి, తల్లికి మతి చలిస్తుంది. ఆంటోనెట్ పెళ్ళయ్యాక, వాళ్ళ వంశంలో పిచ్చి ఉందని భర్తకొక ఉత్తరం వస్తుంది. మన ఆకాశరామన్న ఉత్తరమే! కాకపోతే డేనియల్ అనేవాడు పేరుపెట్టి మరీ రాశాడు. ఇక ఆమె నవ్వినా ఏడ్చినా భర్తకది పిచ్చి లక్షణమే. చివరికి పేరు కూడా మార్చేసి బెర్తా అంటాడు.

చదివి కదిలిపోయాను. అయినా ఒక్కటి మింగుడుపడలేదు. బ్రాంటీ నేరం రక్తానిదంది. రీస్ నేరం మనుషులదంది. ఎవరి నేరమూ కాని జబ్బు ఉంటుందని ఇద్దరికీ తోచలేదు. మన ఇరుగుపొరుగు అనేవీ ఈ రెండే: "వంశంలో ఉంది", లేదా "ఇంట్లోవాళ్ళే పిచ్చిదాన్ని చేశారు".

స్కిజోఫ్రీనియా వచ్చినవాళ్ళ తోడబుట్టినవాళ్ళలో అది కనిపించేది సుమారు 100కి 10 మందిలో అంటారు వైద్యులు. మేనకోడళ్ళకి ఇంకా తక్కువ. పెంపకం వల్ల వచ్చేది కాదనీ చెబుతారు. ఇది తెలిసినా మనం "అట" అనడం మానలేదు. నామాటకొస్తే, నా మొదటి నవల్లో కథ మలుపు తిప్పడానికి ఒకావిడని పిచ్చిదాన్ని చేసి వదిలేశాను. ఆవిడకి అన్నం ఎవరు పెట్టారో రాయలేదు.

ఇప్పుడు మా అమ్మాయికి సంబంధాలు చూస్తున్నాం. ఈసారి అత్త సంగతి ముందే చెబుతున్నాం. రెండు సంబంధాలు వెనక్కి పోయాయి. మొన్న వచ్చినావిడ మాత్రం అంతా విని, "పాపం, ఆవిణ్ణి చివరిదాకా ఎవరు చూసుకున్నారండీ?" అనడిగింది.

"మా నాన్న" అన్నాను.

గొళ్ళెం పెట్టిన చేత్తోనే ముప్ఫయ్యేళ్ళు మందులు మింగించాడాయన. ఆ మాట ఎవరైనా అడుగుతారని ఆయన ఏనాడూ అనుకుని ఉండడు.