పల్లి బస్తాకు గోదాము రశీదు

హైదరాబాద్–బెంగళూరు 44వ జాతీయ రహదారిపై ఉన్న జడ్చర్లకు సరుకు నిల్వ కొత్త విద్య కాదు. అక్కడి బాదేపల్లి మార్కెట్ యార్డులో హమాలీలు, అడ్తిదారులు, రైతులు కలిసి ఏళ్లుగా నడుపుతున్న వ్యవహారమే అది. అయితే 2017 జూలై 1న జీఎస్టీ అమలులోకి వచ్చేవరకు కంపెనీలు, సరిహద్దు దాటించి అమ్మితే పడే కేంద్ర అమ్మకపు పన్నును తప్పించుకోవడానికి, రాష్ట్రానికొక గోదాము పెట్టుకొని సరుకును తమ శాఖకే బదిలీ చేసేవి. ఆ అవసరం తీరిపోయినందున ఇప్పుడు గోదాము ఎక్కడుండాలో రహదారి, గిరాకీ నిర్ణయిస్తున్నాయి. ఎత్తైన ఇనుప అరలతో, పెట్టె పెట్టెకూ బార్‌కోడ్‌తో పెద్ద గోదాములు వస్తున్నాయి. జడ్చర్ల దగ్గరి పోలేపల్లి ప్రత్యేక ఆర్థిక మండలి (సెజ్)లో తయారయ్యే మందుల వంటి సరుకుకు, గడువు ముందుగా తీరేదాన్నే ముందుగా పంపే క్రమం కంప్యూటర్ లెక్క లేకుండా సాగడం కష్టం.

ఇవన్నీ అవసరమైనవే గాని, జడ్చర్ల ఉన్న పాలమూరు ప్రాంతపు రైతుకు వీటికన్నా విలువైన మార్పు ఒక కాగితంలో ఉంది. 2007 నాటి గిడ్డంగుల అభివృద్ధి, నియంత్రణ చట్టం కింద నమోదైన గోదాములో పంట దాచిన రైతుకు, బరువు, నాణ్యత రాసి ఇచ్చే బదిలీకి వీలైన రశీదు దొరుకుతుంది. 2017 నుంచి ఎలక్ట్రానిక్ రూపంలో వస్తున్న ఆ రశీదును కుదువ పెట్టి బ్యాంకులో అప్పు తీసుకోవచ్చు, సరుకును కదిలించకుండానే అమ్మవచ్చు. కోతల వేళ యార్డు నిండి ధర పడిపోయినప్పుడు రైతు తొందరపడి అమ్ముకోకుండా ఆగగలగడమే దీని ప్రయోజనం.

పల్లికాయ విషయంలో ఆగడం అంత తేలిక కాదు. తేమ 8 శాతానికి దిగేదాకా ఎండబెట్టకుండా నిల్వచేస్తే ఆస్పెర్‌జిల్లస్ అనే బూజు పట్టి, కాలేయాన్ని దెబ్బతీసే అఫ్లటాక్సిన్ అనే విషం పుడుతుంది; అందుకే తేమ కొలిచే యంత్రం, గాలి ఆడే నేల, ఆరబెట్టే కల్లం లేని గోదాముకు బార్‌కోడ్ ఎంత ఉన్నా పల్లి రైతుకు ఒరిగేది తక్కువ. అంతకన్నా పెద్ద అడ్డంకి అప్పు: విత్తనానికీ ఎరువుకూ ముందే డబ్బు తెచ్చుకున్న చిన్న రైతు, అప్పిచ్చినవారికే పంట తూచి ఇవ్వవలసి వస్తుంది, పది, పదిహేను బస్తాల కోసం బండి కిరాయి, గోదాము అద్దె, వడ్డీ భరించడమూ అతనికి గిట్టదు. రైతు ఉత్పత్తిదారుల సంఘాలు బస్తాలను ఒకచోట చేర్చి ఒకే రశీదు తీసుకొని, ఆ రశీదుపై అప్పు కోత అయిన వారంలోపే యార్డు దగ్గరే అందేలా బ్యాంకులతో మాట్లాడుకుంటే తప్ప, ఈ చట్టం బాదేపల్లి తూకపు కాంటా దాకా రాదు.