షిల్లాంగ్ నుంచి బ్లూస్

బ్లూస్ పాటకు కావలసిన సరంజామా చాలా తక్కువ. మూడు కార్డులు, పన్నెండు బార్లు, బారుకు నాలుగు దెబ్బలు. కార్డ్ అంటే కొన్ని స్వరాలను ఒకేసారి మోగించే పట్టు. మన లెక్కలో ఆ మూడు పట్లూ షడ్జమం, మధ్యమం, పంచమం మీద కట్టినవి. మొదటి నాలుగు బార్లు షడ్జమం మీద నడుస్తాయి. తర్వాత రెండు మధ్యమం మీద, మళ్లీ రెండు షడ్జమం మీద. చివరి నాలుగింటిలో పంచమానికి ఎక్కి, మధ్యమం మీదుగా దిగి, ఇంటికి చేరుకోవాలి. 48 దెబ్బలకు ఒక ఆవర్తం ముగుస్తుంది, ఆ వెంటనే ఇంకొకటి మొదలవుతుంది. గిటార్ పట్టుకోవడం వచ్చినవాడు దీన్ని ఒక్క పూటలో నేర్చేసుకోవచ్చు.

ఇంత చిన్న చట్రాన్ని నమ్ముకుని మేఘాలయ రాజధాని షిల్లాంగ్‌లో 2003లో ఒక బ్యాండు పుట్టింది. పేరు సోల్‌మేట్. గిటార్ రూడీ వాలాంగ్‌ది, గొంతు టిప్రిటి ఖర్‌బంగార్‌ది. డ్రమ్స్, బేస్ వాయించేవాళ్లు మారుతూ వచ్చారు. బ్యాండుకు ప్రాణం మాత్రం ఈ ఇద్దరే.

చట్రం సులువే గానీ స్వరం సులువు కాదు. బ్లూస్ గాంధారం సాధారణ గాంధారమూ కాదు, అంతర గాంధారమూ కాదు, ఆ రెండింటి మధ్య ఎక్కడో తచ్చాడుతుంది. హార్మోనియం మెట్ల మీద ఆ చోటు లేదు. పియానో వాళ్లు పక్కపక్క మెట్లు రెండూ కలిపి నొక్కి ఆ లోటు కప్పిపుచ్చుకుంటారు. గిటారిస్టుకు ఆ ఇబ్బంది లేదు, వైణికుడు గమకం కోసం లాగినట్టే తీగను పక్కకు లాగుతాడు. దీన్నే బెండ్ అంటారు. తేడా ఒక్కటే. మన దగ్గర ఎంత లాగాలో రాగం చెబుతుంది. ఇక్కడ గమ్యానికి వెంట్రుకవాసి ముందే ఆగిపోవడంలో అందం ఉంది. కర్ణాటక సంగీతానికి అలవాటుపడ్డ చెవికి మొదట అది అపశ్రుతిలా తోస్తుంది. కాస్త ఓపికపడితే ఆ అనుమానం దానంతటదే పోతుంది.

లయలోనూ ఇలాంటి మెలికే ఉంది. ఒక్కో దెబ్బను మూడు భాగాలు చేసి, నడిమి భాగాన్ని మింగేస్తారు. దీని పేరు షఫుల్. తిశ్రగతి తెలిసినవాళ్లకు వెంటనే పట్టుబడుతుంది. ఇక సాహిత్యం సంగతి. పాతకాలపు కట్టుబాటులో ఒక పాదం పాడి, దాన్నే మళ్లీ పాడి, మూడో పాదంతో ముగిస్తారు. పాదానికి నాలుగు బార్లు దక్కుతాయి. గొంతు అందులో దాదాపు సగం వాడుకుని మిగతా సగం గిటార్‌కు వదిలేస్తుంది. గిటార్ గాయకుడి మాటను తిరిగి అప్పజెప్పదు, దానికి బదులు చెబుతుంది. సోల్‌మేట్ బలమంతా ఈ సంభాషణలోనే ఉంది. టిప్రిటి గొంతు గరుకుగా, నిండుగా మీదికి ఉరికి వస్తుంది. రూడీ ఆమె ఆగేదాకా కాచుకుని నాలుగైదు స్వరాలతో సరిపెడతాడు. వేగం చూపించగల గిటారిస్టులు మన దేశంలో చాలామందే ఉన్నారు. ఎక్కడ వాయించకూడదో తెలిసినవాళ్లు తక్కువ.

బ్లూస్ పుట్టింది మిసిసిపీ పత్తి పొలాల్లో, బానిసత్వం నుంచి బయటపడ్డా బతుకు మారని నల్లజాతి కూలీల గొంతుల్లో. 1943లో మడ్డీ వాటర్స్ అక్కడి నుంచి షికాగో వెళ్లి ఎలక్ట్రిక్ గిటార్ అందుకున్నాడు. 1960లలో బ్రిటిష్ కుర్రాళ్లు ఆ పాటను ఇంకా పెద్ద ఆంప్లిఫయర్లకెక్కించారు. వాల్వులు మోయగలిగినదానికి మించి శబ్దం పంపితే స్వరం చిట్లి, బొంగురుపోయి, ఎక్కువసేపు నిలుస్తుంది. ఆ నిలుపుతోనే బ్లూస్ రాక్ తయారైంది.

మరి షిల్లాంగ్‌కు ఇదెలా అబ్బింది? 1841లో వేల్స్ మిషనరీ థామస్ జోన్స్ ఖాసీ కొండలకు వచ్చాడు. ఆయన వెనక చర్చి కోరస్ వచ్చింది. తర్వాత రేడియో, రికార్డులు వచ్చాయి. ఇదే ఊళ్లో లూ మాజావ్ అనే గాయకుడు 1972 నుంచి ఏటా మే 24న బాబ్ డిలన్ పుట్టినరోజు కచేరీ చేస్తూ వచ్చాడు. అలాంటి ఊరు మరి.

అయినా ఊళ్లో గిటార్లు ఎన్నుంటేనేం, మన దేశంలో పాట అంటే సినిమా పాటే. సినిమా ప్రాపకం లేని బ్యాండు కాలేజీ ఫెస్టులు, క్లబ్బులు, పండగ వేదికలు తిరిగి సంపాదించుకోవాలి. దాంట్లో దాచుకున్నదే రికార్డింగ్ ఖర్చు. సోల్‌మేట్ తొలి ఆల్బమ్ ‘షిల్లాంగ్’ 2005లో వచ్చింది, ‘మూవింగ్ ఆన్’ 2009లో, ‘టెన్ స్టోరీస్ అప్’ 2014లో. పెద్ద కంపెనీ అయితే ఇంత ఎడం ఒప్పుకునేది కాదు. ఇంకొకరి హిట్లు వాయించి బతికేయడం తేలిక. వీళ్లు సొంత పాటలనే నమ్ముకున్నారు. నా దృష్టిలో వాళ్ల ఘనత అదే.

2007లో అమెరికాలోని మెంఫిస్‌లో జరిగే ఇంటర్నేషనల్ బ్లూస్ ఛాలెంజ్‌కు భారతదేశం తరఫున వెళ్లారు. బ్లూస్‌కు పుట్టినిల్లు లాంటి ఊళ్లో బ్లూస్ వినిపించడానికి గుండె కావాలి. 2011లో ముంబైలో మహీంద్రా బ్లూస్ ఫెస్టివల్ మొదలైంది. షికాగో దిగ్గజం బడ్డీ గై వచ్చిన ఆ తొలి ఏడే వీళ్లూ అందులో వాయించారు.

ఎవరి దుఃఖమో వీళ్లెలా పాడతారని అడిగేవాళ్లున్నారు. న్యాయమైన ప్రశ్నే. పత్తి పొలాల బాధ తమదని నటిస్తే అది దొంగ ఏడుపే అవుతుంది. సోల్‌మేట్ ఆ పని చెయ్యలేదు. వాళ్లు ఖాసీలో పాడిన ‘సియెర్ లాపలాంగ్’ వినండి. అది కొండల మీద తరతరాలుగా చెప్పుకునే కథ. మైదానంలోని ఒక జింకపిల్ల, తల్లి వద్దన్నా వినకుండా కొండెక్కి, వేటగాళ్ల బాణానికి కూలిపోతుంది. తల్లి జింక వెతుక్కుంటూ వచ్చి ఏడుస్తుంది. చచ్చినవాళ్ల కోసం ఎలా ఏడవాలో మనుషులు ఆ ఏడుపు విని నేర్చుకున్నారని ఖాసీలు చెబుతారు. శోకాన్ని పాటగా మార్చే విద్య ఆ కొండలకు మిసిసిపీ నుంచి దిగుమతి కాలేదు. గిటార్, కార్డులు బయటివే కావచ్చు, ఏడుపు అక్కడిదే.

కొత్తగా వినేవాళ్లు ‘షిల్లాంగ్’ ఆల్బమ్‌తో మొదలుపెట్టండి. మొదటిసారి గొంతు వెంట వెళ్లండి, రెండోసారి పన్నెండు బార్లు వేళ్ల మీద లెక్కపెట్టుకుంటూ గిటార్ వెంట వెళ్లండి. నచ్చితే ఆల్బమ్ డబ్బిచ్చి కొనండి. వాళ్ల కచేరీ మీ ఊరికి వస్తే పాసుల కోసం ఎదురుచూడకుండా టికెట్ తీసుకుని వెళ్లండి.