తెర మీది వంటలక్క, బడిలో వంటమనిషి

టీవీ సీరియళ్ళంటే మన మేధావులకి చిన్నచూపు. 'పనీపాటా లేని ఆడవాళ్ళ ఏడుపులు' అనేసి పక్కన పెడతారు. ఆ మాటతో మాకు పేచీ ఉంది. చర్ల, దుమ్ముగూడెం అడవి అంచు పల్లెల నుంచి ఖమ్మం మిరప చేల దాకా, పొద్దంతా ఒళ్ళొంచి కూలి చేసొచ్చిన ఆడవాళ్ళూ సీరియల్ చూస్తారు. వాళ్ళని పనీపాటా లేనోళ్ళంటే ఎట్లా? జనం ఎందుకు చూస్తున్నారని అడగాల్సిందే. దాంతోపాటు, తెర మీద మెచ్చుకున్న మనిషిని ఊళ్ళో ఎందుకు మెచ్చుకోరనీ అడగాలి.

'కార్తీకదీపం' సంగతి తీసుకుందాం. 2017 అక్టోబరు నుంచి 2023 జనవరి దాకా స్టార్ మా చానల్లో నడిచింది. మలయాళం 'కరుత్తముత్తు'కి తెలుగు రూపం. రేటింగుల్లో ఏళ్ళ తరబడి ముందు వరసలో ఉంది. ముగిశాకా జనం వదల్లేదు. అదే జంటతో, అవే పేర్లతో 2024 మార్చిలో రెండో 'కార్తీకదీపం' మొదలైంది. కథానాయిక దీప నల్లగా ఉంటుంది. ఆ నలుపే ఆమెకి శాపం. భర్త అనుమానిస్తే బయటికొచ్చి, వంట చేసి బిడ్డని సాకుతుంది. 'వంటలక్క' పేరు అట్లా ఇంటింటా నానింది.

నల్లటి స్త్రీ, రెక్కల కష్టం మీద బతికే స్త్రీ, నాయిక కావడం చిన్న విషయమేం కాదు. మన ఆడవాళ్ళు ఆమెలో తమని చూసుకుంటే తప్పు పట్టాల్సిన పనీ లేదు. అయితే ఆ నలుపు ఎక్కడిది? నటి ప్రేమి విశ్వనాథ్ మొహానికి పూసిన రంగు. మలయాళంలోనూ ఆమెకే పూశారు. నల్లగా పుట్టిన నటికి ఆ వేషం దక్కలేదు. కథలో రంగు సమస్యగా వస్తుంది, కులం రాదు. రంగుని కులం నుంచీ చాకిరీ నుంచీ విడదీశాక, అది ఒక ఇంటి కోడలి తలరాతగా మిగులుతుంది. అత్త మనసు మారితే సగం తీరిపోతుంది. వాడల్లో, గూడేల్లో బతుకులు అట్లా తీరేవి కావు.

పునఃప్రసారాల్లోనూ ఇదే తంతు. 1987-88లో వచ్చిన రామానంద్ సాగర్ 'రామాయణ్'ని దూరదర్శన్ 2020 మార్చి 28 నుంచి, లాక్‌డౌన్ రోజుల్లో, మళ్ళీ వేసింది. ఏప్రిల్ 16న ఒక్కరోజే 7.7 కోట్ల మంది చూశారని ప్రకటించుకుంది. అదే ఏప్రిల్ 2న భద్రాచలంలో సీతారామ కల్యాణం భక్తులు లేకుండా జరిగింది. ఆ యేడు జనానికి రాముడు టీవీలోనే దొరికాడు.

ఆ సీరియల్లో శబరి ఇచ్చిన పళ్ళు రాముడు తింటాడు. చూసేవాళ్ళ కళ్ళు చెమరుస్తాయి. భద్రాచలం స్థలపురాణంలోనూ పోకల దమ్మక్క అనే ఆదివాసీ స్త్రీ పుట్టలో విగ్రహాలు చూసి, పందిరేసి, తాటిపండ్లు నైవేద్యం పెట్టిందంటారు. ఆదివాసుల చరిత్ర, దళితుల చరిత్ర ఒక్కటని మేం అనడం లేదు. కానీ రెండు చోట్లా ఒక సంగతి కనిపిస్తుంది. కింది మనిషి చేతి పండు దేవుడు తింటే అది దేవుడి గొప్పతనంగా లెక్క. పెట్టిన చేతికి దక్కింది ఏమిటన్నది కథ చెప్పదు.

ఇక ఊళ్ళో సంగతి. మధ్యాహ్న భోజన పథకంలో వంటవాళ్ళని, సహాయకుల్ని పెట్టేటప్పుడు దళితులకి, షెడ్యూల్డు కులాలకి, తెగలకి ప్రాధాన్యం ఇవ్వాలని 2004 ఏప్రిల్ 20న సుప్రీంకోర్టు ఆదేశించింది. అయినా 2021 డిసెంబరులో ఉత్తరాఖండ్ చంపావత్ జిల్లాలో దళిత స్త్రీ వండిందని అగ్రకులాల పిల్లలు బడిలో తినడం మానేశారు. అధికారులు ఆ వంటమనిషినే పనిలోంచి తీసేశారు. దేశమంతా గొడవయ్యాక మళ్ళీ తీసుకున్నారు. ఆ పిల్లల ఇళ్ళల్లో కూడా శబరి ఘట్టం చూసి కళ్ళు తుడుచుకున్నవాళ్ళు ఉండే ఉంటారు.

ఎవరు ఏ సీరియల్ చూస్తున్నారో లెక్కగట్టడానికి ఇళ్ళల్లో మీటర్లు పెట్టారు. బడిలో ఎవరి చేతి వంట ఎవరు తింటున్నారో ఆ మీటర్లకి తెలియదు. ఆ పని ఈ పత్రిక చదివే ఉపాధ్యాయులూ విద్యార్థులూ కార్యకర్తలే చెయ్యాలి. మీ మండలంలో వంట చేసేది ఎవరు? ఏ వాడ, ఏ గూడెం మనిషి? ఆమె వండిన రోజు ఇంటి నుంచి డబ్బా తెచ్చుకునే పిల్లలు ఎంతమంది? ఆమె గౌరవ వేతనం ఎన్ని నెలలు బాకీ ఉంది? రాసి పంపండి. వంటలక్క మీద మన విమర్శ ఆ లెక్కలతో మొదలవ్వాలి.