చిట్టాకెక్కాకే రసీదు

జమ్మికుంట మార్కెట్‌లో పత్తి అమ్మిన రైతు చేతికి తక్‌పట్టీ రావాలంటే, ముందు ఆ తూకం, ఆ ధర గుమస్తా చిట్టాకు ఎక్కాలి. పట్టీ ఇచ్చేసి, తీరిగ్గా రాసుకుందామనుకుంటే, ఈలోగా అంకె యాదికి రాకపోతే రైతు దగ్గర మిగిలేది ఉత్త కాగితమే. మెయిల్ సర్వర్లకూ ఇదే నియమం. ఆ సాఫ్ట్‌వేర్‌లో ఇంతకు మించిన ధర్మం లేదని నా నమ్మకం.

జగిత్యాల పిల్లగాడికి దుబాయ్ నుంచి వీసా కాపీ మెయిల్‌లో వస్తోందనుకుందాం. పంపే సర్వర్ ఉత్తరమంతా అప్పగించి చివర ఒక చుక్క పెడుతుంది. అందుకున్న సర్వర్ '250' అని బదులిస్తుంది. ఆ అంకె అందగానే మొదటి సర్వర్ తన క్యూలోని ప్రతిని చెరిపేస్తుంది. ఇక ఉత్తరాన్ని చేర్చే పూచీ, చేర్చలేకపోతే ఆ సంగతి చెప్పే పూచీ రెండో సర్వర్‌దే. తర్వాత యంత్రం ఆగిపోవడం ఉత్తరం పోగొట్టడానికి సాకు కాదని 2008 నాటి ఎస్ఎంటీపీ నియమావళి స్పష్టంగా చెబుతుంది.

చిక్కంతా 'రాశాను' అన్న మాటలో ఉంది. ప్రోగ్రామ్ రాయమన్నదాన్ని ఆపరేటింగ్ సిస్టమ్ వెంటనే డిస్క్ మీద పెట్టదు. వేగం కోసం మెమరీలో అట్టిపెట్టుకుంటుంది. లినక్స్‌లో అది మామూలుగా 30 సెకన్ల దాకా అక్కడే ఉండొచ్చు. ఎండాకాలం సాయంత్రం గాలిదుమారం లేచి కరెంటు పోయిందంటే ఆ అరనిమిషం ఉత్తరాలు గాలికి పోయినట్టే. అందుకే ఎఫ్‌సింక్ అనే ఆదేశం ఉంది. డిస్క్‌కు చేరిందన్న జవాబు వచ్చేదాకా ప్రోగ్రామ్ కదలదు. ఈ ఆగడానికి ఖరీదుంది. నిమిషానికి 7,200 సార్లు తిరిగే డిస్క్‌కు ఒక్క చుట్టుకే 8 మిల్లీసెకన్లు దాటుతుంది. ఆ నిదానం ఓర్వలేక ఎఫ్‌సింక్‌ను ఆపేసేవాళ్లున్నారు. పరాయివాళ్ల ఉత్తరాలు చేతిలో పెట్టుకుని అలా చేయడం తప్పు.

డిస్క్‌కు చేరాకే మాటిచ్చే పద్ధతికి చక్కని రూపమిచ్చినవాడు డేనియల్ బెర్న్‌స్టీన్. 1990లలో తన మెయిల్ సర్వర్ క్యూమెయిల్ కోసం ఆయన మలిచిన మెయిల్‌డిర్‌లో మూడు అరలు: టెంప్, న్యూ, కర్. ఉత్తరానికో ఫైలు. ముందు టెంప్‌లో పూర్తిగా రాసి, ఎఫ్‌సింక్ చేసి, ఆ తర్వాతే న్యూలోకి తెస్తారు. ఈ మార్పు జరిగితే పూర్తిగా జరుగుతుంది, లేదంటే అసలే జరగదు. చదివేవాళ్ల కంట సగం ఉత్తరం పడదు. లినక్స్‌లో ఇంకో మెలిక: ఫైలు పేరుండే డైరెక్టరీకి కూడా విడిగా ఎఫ్‌సింక్ చేయాలి. లేకుంటే రాసిన పుట భద్రంగానే ఉంటుంది గాని, అది ఎక్కడుందో చెప్పే వరుస ఉండదు.

1998లో వీట్స వెనెమా విడుదల చేసిన మెయిల్ సర్వర్ పోస్ట్‌ఫిక్స్‌లో మరో గుర్తు కనిపిస్తుంది. క్యూ ఫైలంతా రాశాక దానికి ఎగ్జిక్యూట్ అనుమతి వేస్తుంది, ఎఫ్‌సింక్ చేస్తుంది, అది నెగ్గితేనే 250 అంటుంది. అనుమతి లేని ఫైలు సగంలో ఆగిందని అర్థం.

మరి ఎఫ్‌సింకే విఫలమైతే? 2018లో పోస్ట్‌గ్రెస్ డేటాబేస్ నిపుణులను ఉలిక్కిపడేలా చేసిన ప్రశ్న ఇది. డిస్క్ మీదికి రాయలేకపోయిన పుటలను కూడా లినక్స్ రాసినట్టే గుర్తు పెట్టుకోవచ్చు. మొదటిసారి తప్పు జరిగిందని చెప్పి, మళ్లీ అడిగితే అంతా సవ్యమే అంటుంది. కాబట్టి రెండోసారి అడిగి ఊరట పడకూడదు. ఇక్కడ మెయిల్‌కు ఒక సౌకర్యం ఉంది. '451' అని బదులిస్తే చాలు, ఉత్తరం ఇంకా పంపినవాళ్ల క్యూలోనే ఉంటుంది, కాసేపాగి వాళ్లే మళ్లీ తెస్తారు.

ఒక్కోసారి ఉత్తరం భద్రంగా డిస్క్ చేరాక, 250 అన్న జవాబే దారిలో తప్పిపోతుంది. పంపినవాళ్లు అందలేదనుకుని మళ్లీ పంపుతారు. జగిత్యాల పిల్లగాడికి వీసా కాపీ రెండుసార్లు వస్తుంది. ఒకటి తీసేసి, రెండోది ప్రింట్ తీయించుకుంటాడు.