బుడగ మధ్యకొచ్చే దాకా

ఫోటోలు కడిగించి తెచ్చిన సాయంత్రం మా అమ్మ ఒకటి చేతిలోకి తీసుకుని అటూ ఇటూ తిప్పి చూసింది. "ఇదేంట్రా, పైనా కిందా కోసేశారు? కొట్టువాడు కాగితం మిగుల్చుకున్నాడా ఏం?" అంది.

అమ్మ అనుమానం మరీ తీసిపారేసేదేం కాదు. 1990లలో వచ్చిన చిన్న కెమెరాలు కొన్నింటికి పక్కన ఒక మీట ఉండేది. దాన్ని నొక్కితే లోపల రెండు నల్ల రేకులు జరిగి, 24 మిల్లీమీటర్ల ఎత్తుండే బొమ్మను పైనా కిందా మూసి 13 మిల్లీమీటర్లు చేసేవి. దాన్నే పనోరమా అని అమ్మారు. అచ్చంగా అమ్మ చెప్పిన కోతే అది. వెడల్పు ఒక్క దారప్పోగు కూడా పెరిగేది కాదు. పెళ్లిలో గ్రూపు ఫోటోకి ఆ మీట నొక్కి, వెనక వరస బాబాయిల తలలు ఎగరగొట్టిన పాపం నాకూ ఉంది.

ఇప్పుడు నా చేతికొచ్చింది వేరే జాతి. రష్యాలో తయారైన హొరైజన్ 202. మామూలు 35 ఎంఎం రీలే వేస్తాం గానీ ఒక్కో బొమ్మ 36 మిల్లీమీటర్లకు బదులు 58 మిల్లీమీటర్ల వెడల్పు వస్తుంది. 36 బొమ్మల రీల్లో 22 మాత్రమే పడతాయి. లెన్సు ఒకచోట నిలబడదు. చిన్న పీపాలాంటి దాంట్లో కూర్చుని ఒక చివర నుంచి ఇంకో చివరకు తిరుగుతుంది. వెనక ఫిల్ము విల్లులా వంగి ఉంటుంది. లెన్సు వెనకున్న సన్నటి చీలిక ఆ ఫిల్ము మీద వెలుగును చీపురుతో ఊడ్చినట్టు ఊడుస్తుంది. అలా 120 డిగ్రీల మేర పడుతుంది. రెండు చేతులూ బారచాపి, కాస్త ముందుకు తెస్తే మధ్యలో ఎంత లోకం ఉంటుందో అంత. ఈ ఉపాయం కొత్తదేం కాదు. ఫోటోగ్రఫీ పుట్టిన కొత్తలోనే, 1840లలో, ప్యారిస్‌లో మార్టెన్స్ అనే ఆయన ఇలా తిరిగే లెన్సుతో వంచిన వెండిపూత రేకు మీద ఊరిని పట్టాడు. 1899లో కొడాక్ వాళ్లు పనోరమ్ పేరుతో మామూలు జనానికీ అమ్మారు.

మొదటి రీలు లెక్కలోకి రాదు. ఈ కెమెరాలో ఫిల్ము తిన్నగా పోదు, అటొకటీ ఇటొకటీ ఉన్న చిన్న రోలర్ల కింద నుంచి పోవాలి. నేను మామూలు కెమెరాకు వేసినట్టే పైనుంచి లాగి మూత వేసేశాను. 22 సార్లు నొక్కాను. ప్రతిసారీ ఆ పీపా కిర్రుమని తిరుగుతుంటే మురిసిపోయాను. కడిగిస్తే చూడడానికి ఏమీ లేదు. కొత్తగా మొదలుపెట్టేవాళ్లకు నా మాట ఒకటే: పాడైపోయిన పాత రీలు ఒకటి సంపాదించి, మూత తెరిచి పట్టపగలు పదిసార్లు వేసి తీయండి. ఆ తర్వాతే కొత్త రీలు డబ్బా విప్పండి.

రెండో రీల్లో బొమ్మలైతే వచ్చాయి. కానీ కొల్లేరు బోర్లించిన మూకుడులా వచ్చింది. పెదపాడు నుంచి కొల్లేటి వైపు వెళ్లేకొద్దీ నేల ఎంత చదునో చూసినవాళ్లకు చెప్పక్కర్లేదు. కృష్ణా గోదావరి డెల్టాల నడుమ పల్లం అది, కొండ కాదు కదా చిన్న మిట్ట కూడా కంటికి తగలదు. అలాంటి చోట నీరూ ఆకాశమూ కలిసే గీత మధ్యలో ఉబ్బి, రెండు చివర్లా జారిపోయింది. ఇంకో బొమ్మలో అదే గీత ఉయ్యాలలా కుంగింది. కెమెరా చెడిపోయిందనుకున్నాను.

ఆ వారం మా ఇంటి వెనక ప్రహరీ పని జరుగుతోంది. తాపీమేస్త్రికి ఫోటోలు చూపించాను. ఆయన వాటిని ఎంతోసేపు చూడలేదు. "మట్టం చూసుకోలేదండీ మీరు," అన్నాడు. తన రసమట్టం తీసి ఇటుకల వరస మీద పెట్టి, "బుడగ మధ్యకొస్తేనే నేను తాపీ ఎత్తుతానండీ. మీదానికి బుడగ లేదా మరి?" అని అడిగాడు.

ఉంది. చూసే కిటికీలోనే కనిపిస్తుంది. నేనే అలంకారం అనుకుని వదిలేశాను.

లెక్క ఇదీ: తిరిగే లెన్సు ముక్కును నేలవైపు వంచితే దిగంతం పైకి ఉబ్బుతుంది, ఆకాశం వైపు ఎత్తితే కుంగుతుంది. బుడగ మధ్యలో ఉంటేనే తిన్నగా నిలుస్తుంది. అప్పుడు కూడా, మనకు అడ్డంగా సాగే తిన్నటి గట్టు మధ్యలో లావెక్కి రెండు పక్కలా సన్నబడి విల్లులా వంగుతుంది. దాన్ని ఏ బుడగా బాగుచేయదు. దగ్గరిది పెద్దగా, దూరమైనది చిన్నగా కనపడాలి కాబట్టి అలా వస్తుంది. గట్టు మీద నిలబడి తల ఇటు నుంచి అటు తిప్పితే మన కళ్లూ అదే చూస్తాయి, మనసు తిన్నగా సర్దుకుంటుంది, అంతే. అదే గట్టుకు ఎదురుగా కాక, దాని మీదే నడిమధ్య నిలబడి తీస్తే వంపు చాలావరకు మాయమవుతుంది. ఇది నాకు నాలుగో రీల్లో తెలిసింది.

అసలు కష్టం మట్టంతో కాదు, ఖాళీతో వచ్చింది. ఇంత విశాలమైన ప్రదేశానికి ఇంత విశాలమైన కెమెరా దొరికితే ఇంకేం కావాలి అనుకున్నాను. ఫోటోలో చూస్తే పైన తెల్లటి ఆకాశం, కింద బూడిదరంగు నీళ్లు, మధ్యలో చీమల బారులా గట్టు. కొల్లేటి ఒడ్డునున్న ఆటపాక వెళ్లి వందల గూడబాతులను తీస్తే ఆవాలు చల్లినట్టు వచ్చాయి. దీని 28 ఎంఎం లెన్సు దూరాన్ని ఇంకా దూరం చేస్తుంది. వెడల్పు కెమెరా చేతికొస్తే ఎవరైనా వెనక్కి నడుస్తారు, అన్నీ పట్టాలని. నడవాల్సింది ముందుకు. దోనె ముక్కు మోకాళ్లకు తగిలేంత దగ్గరగా ఉండాలి, కిక్కిస పొద ఒక చివర నిలువునా లేవాలి, వల దులిపే మనిషి మూడు బారల దూరంలో ఉండాలి. అప్పుడు ఆ వెనకున్న కొల్లేరు తనంతట తానే పెద్దదవుతుంది. చేపల చెరువు గట్టు మీది ఒంటరి తాడిచెట్టు నాకు పది రీళ్ల పాఠం చెప్పింది. దాన్ని నట్టనడుమ పెడితే బొమ్మ రెండు ముక్కలైంది. ఒక చివరకు నెడితే మిగిలిన నీరంతా దానిదే అయింది.

కొల్లేరు 1999లో అభయారణ్యమైంది, ఐదో కాంటూరు (ఎత్తు గీత) లోపల 308 చదరపు కిలోమీటర్లు. 2002లో చిత్తడి నేలల రామ్‌సార్ జాబితాకెక్కింది. 2006లో దాని లోపలి చేపల చెరువుల గట్లు తెగ్గొట్టారు. ఆ రోజుల్లో ఈ కెమెరా నా దగ్గర లేకపోవడం నాకు మిగిలిన పెద్ద లోటు. తెగిన గట్టూ, గండిలోంచి పారే నీరూ, ఒడ్డున నిలబడ్డ ఊరి జనమూ మూడూ ఒక్క చట్రంలో పట్టగలిగింది ఇదొక్కటే. మామూలు కెమెరాతో తీస్తే ఏదో ఒక పక్షం ఫోటో బయటే ఉండిపోతుంది.

మనకు వెడల్పు బొమ్మ రుచి చూపించింది సినిమా. 1974లో కృష్ణ తీసిన 'అల్లూరి సీతారామరాజు' తెలుగులో తొలి సినిమాస్కోప్ చిత్రం. ఆపరేటరు స్కోప్ లెన్సు బిగించడం మరిచిపోతే తెర మీద అందరూ తాటిబోదెల్లా పొడుగ్గా, సన్నగా కనపడేవారు, హాలంతా ఈలలు. ఆ ఫిల్ము మీద బొమ్మ నొక్కి ఉంటుంది, తెర మీద మళ్లీ సాగదీస్తారు. నా కెమెరాలో అలాంటి నొక్కుడు లేదు, కానీ ఇంకో చిత్రముంది. ఇందులో ఎడమ చివరా కుడి చివరా ఒకే క్షణానివి కావు. లెన్సు ఇటు నుంచి అటు చేరేలోపు లోకం కాస్త కదులుతుంది. వట్లూరు స్టేషన్ దగ్గర గూడ్సు బండి మీద ప్రయోగం చేశాను. లెన్సు తిరిగే వైపే బండి పోతే పెట్టెలు సాగాయి, ఎదురుగా వస్తే కుదించుకుపోయాయి. పూర్వం అమెరికాలో సర్కుట్ కెమెరాతో బడిపిల్లల గ్రూపు ఫోటోలు తీసేటప్పుడు, ఓ గడుగ్గాయి ఈ చివర నిలబడి, వెనక నుంచి పరిగెత్తి ఆ చివరకు చేరి, ఒకే ఫోటోలో రెండుసార్లు పడేవాడట. హాలీవుడ్ నటుడు జెఫ్ బ్రిడ్జెస్ వైడ్‌లక్స్ కెమెరాతో తోటి నటుల్ని ఒకే బొమ్మలో ఒక చివర ఏడుస్తూ, ఇంకో చివర నవ్వుతూ పట్టాడు. మా మేనల్లుణ్ణి నేనూ పరిగెత్తించాను. రెండో మేనల్లుడు సగమే వచ్చాడు. వాడు ఆ సగం ఫోటోనే కావాలని పట్టుకుపోయాడు.

హాసెల్‌బ్లాడ్, ఫ్యూజీ కలిసి 1998లో తెచ్చిన ఎక్స్‌పాన్ కొనమంటారా అని అడుగుతున్నారు కొందరు. దాని లెన్సు తిరగదు, గట్లు వంగవు, బొమ్మ 65 మిల్లీమీటర్లు. 2006లో తయారీ ఆగిపోయింది. ధర వింటే పాత కారు గుర్తొస్తుంది. నా సలహా చవకైనది. శుభలేఖ అట్టలో 24కి 58 మిల్లీమీటర్ల కిటికీ కోసి, కంటికి దగ్గరగా పెట్టుకుని నెల రోజులు ఊరు తిరగండి. అప్పటికీ కోరిక చావకపోతే కెమెరా వెతకండి.

ఒక్క సంగతి మాత్రం మరవకండి. ఆరో రీలు నాకు అన్నిటికంటే బాగా కుదిరింది. తెల్లవారుజామున మంచు, దోనె, తాడిచెట్టు, బుడగ కూడా మధ్యలో. కడగడానికిచ్చిన ల్యాబులో అలవాటు కొద్దీ ఆరేసి మామూలు బొమ్మల కొలతకు కత్తెర వేశారు. దోనె ఒక ముక్కలో, తాడిచెట్టు ఒక ముక్కలో చేతికొచ్చాయి. వాళ్ల తప్పు లేదు, నేను చెప్పలేదు. రీలు ఇచ్చేటప్పుడు డబ్బా చుట్టూ కాగితం అంటించి, "కత్తిరించవద్దు, చుట్టగానే ఇవ్వండి" అని పెద్ద అక్షరాలతో రాయండి. నోటితో కూడా ఇంకోసారి చెప్పండి.